ముక్కు వెనుక గొంతు క్యాన్సర్ : ప్రపంచ దేశాలలో వ్యాప్తి

క్యాన్సర్ వ్యాధులలో కొన్ని ప్రపంచ దేశాలన్నింటా విస్తృతంగా కానవస్తాయి. మరికొన్ని మాత్రం కొన్ని ప్రాంతాలను, కొన్ని జనసముదాయాలను అంటిపెట్టుకొని ఉంటాయి. ఈ రెండవ కోవకు చెందిన వ్యాధులలో ప్రధానంగా పేర్కొనదగినది ముక్కు వెనుక గొంతు భాగంలో జనించే క్యాన్సర్. వైద్య పరిభాషలో దీనిని నాసోఫారింజియల్ క్యాన్సర్ అని వ్యవహరిస్తారు. ప్రపంచంలోని అత్యధిక దేశాలలో ఇది అరుదైన వ్యాధి. అయితే దక్షిణ చైనాలో, ఆగ్నేయాసియా దేశాలలో, ఉత్తర ఆఫ్రికాలో, ఉత్తర ధ్రువ ప్రాంతంలో, మన దేశంలోని ఈశాన్య రాష్ట్రాలలో ఇది వేలాది కుటుంబాలను కలవరపరుస్తున్నది.

ఈ వ్యాధికి సంబంధించి గమనించదగిన విశేషం ఒకటున్నది. తొలి దశలో గుర్తించినట్లయితే ఇది చికిత్సకు చక్కగా లొంగుతుంది. కానీ బయటికి కనిపించని చోట పుట్టడం వలనను, తొలి లక్షణాలు జలుబు, చెవిపోటు వంటి సాధారణ రుగ్మతలను పోలి ఉండడం వలనను అత్యధిక రోగులు వ్యాధి ముదిరిన తరువాతనే వైద్యులను ఆశ్రయిస్తున్నారు. కనుక ఈ వ్యాధి ఎక్కడ, ఎవరికి, ఎందువలన అధికంగా వస్తున్నదో తెలుసుకొనుట కేవలం గణాంకాల ఆసక్తి కాదు, ప్రాణ రక్షణకు సంబంధించిన విషయం.

వ్యాధి జనించే స్థానం

ముక్కు ద్వారా పీల్చిన గాలి గొంతులోనికి మలుపు తిరిగే చోట, అంగిటి మెత్తని భాగానికి పైన, కపాలపు అడుగు ఎముకకు దిగువన చిన్న గది వంటి ప్రదేశం ఉన్నది. దీనిని శాస్త్రగ్రంథాలలో నాసికా గ్రసని అంటారు. చెవి మధ్య భాగం నుండి వచ్చే యూస్టేషియన్ నాళాలు ఇరువైపులా ఈ గదిలోనికే తెరుచుకుంటాయి. ఆ నాళపు ద్వారానికి వెనుకగా ఉన్న పల్లాన్ని రోసెన్‌ముల్లర్ గుంట అంటారు. ఈ క్యాన్సర్ ఎక్కువగా ఆ గుంటలోనే మొలకెత్తుతుంది. నోరు తెరిచి అద్దంలో చూసుకున్నా, వైద్యుడు టార్చి వేసి చూసినా ఈ స్థలం కంటికి ఆనదు. ప్రత్యేక దర్పణంతో గానీ, ముక్కు గుండా పంపే ఎండోస్కోపు గొట్టంతో గానీ పరీక్షించవలసి ఉంటుంది.

సూక్ష్మదర్శినిలో కణాల స్వరూపాన్ని బట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని కొన్ని రకాలుగా విభజించింది. వీటిలో కెరటిన్ పదార్థం ఏర్పడే రకం, ఏర్పడని రకం ముఖ్యమైనవి. వ్యాధి అధికంగా ఉన్న ప్రాంతాలలో 95 శాతానికి పైగా కెరటిన్ ఏర్పడని రకానివే. ఈ రకం వైరస్‌తో గాఢమైన సంబంధం కలిగినది, రేడియేషన్ చికిత్సకు బాగా స్పందించేది కూడా. వ్యాధి అరుదుగా ఉన్న పాశ్చాత్య దేశాలలో కెరటిన్ ఏర్పడే రకం చెప్పుకోదగిన పాళ్ళలో కనిపిస్తుంది. పొగాకు, మద్యం అలవాట్లతో దీనికి సంబంధం ఉన్నట్లు గుర్తించారు.

ప్రపంచ గణాంకాలు

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1965 లో ఏర్పడిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా పనిచేస్తున్నది. వివిధ దేశాల క్యాన్సర్ రిజిస్ట్రీల నుండి వివరాలు సేకరించి, గ్లోబోకాన్ పేరిట అంచనాలను ప్రకటించడం ఈ సంస్థ చేపట్టిన ముఖ్య కార్యక్రమాలలో ఒకటి. 2022 సంవత్సరానికి సంబంధించిన అంచనాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఆ ఏడాది సుమారు 1 లక్షా 20 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా సోకింది. 73 వేల మందికి పైగా మరణించారు. అదే సంవత్సరం అన్ని రకాల క్యాన్సర్లు కలిపి దాదాపు 2 కోట్ల కొత్త కేసులు నమోదయ్యాయని అంచనా. అంటే మొత్తం క్యాన్సర్లలో దీని వాటా ఒక శాతం కంటే తక్కువే.

మొత్తం మీద చూస్తే స్వల్పంగా కనిపించే ఈ సంఖ్య వెనుక పెద్ద అసమానత దాగి ఉన్నది. ప్రపంచంలోని కొత్త కేసులలో 70 శాతానికి పైగా తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా దేశాలలోనివే. ఒక్క చైనా దేశంలోనే దాదాపు సగం కేసులు ఉన్నాయి. పురుషులలో ఈ వ్యాధి స్త్రీల కంటే రెండు నుండి మూడు రెట్లు అధికం. ఈ వ్యత్యాసం వ్యాధి ఎక్కువగా ఉన్న దేశాలలోను, తక్కువగా ఉన్న దేశాలలోను ఒకే విధంగా కనిపించడం విశేషం.

ఒక దేశాన్ని మరొక దేశంతో పోల్చునప్పుడు కేసుల సంఖ్య ఒక్కటే చాలదు. జనాభా ఎక్కువ ఉన్న దేశంలో కేసులు ఎక్కువ ఉండడం సహజం. అట్లే వృద్ధులు అధికంగా ఉన్న దేశంలో క్యాన్సర్లు అధికంగా కనిపిస్తాయి. అందువలన నిపుణులు ప్రతి లక్ష జనాభాకు ఏటా ఎన్ని కొత్త కేసులు వస్తున్నాయో లెక్కించి, వయసుల వారీ తేడాలను సరిచేసి పోలుస్తారు. దీనినే వయో సర్దుబాటు రేటు అంటారు. ఈ కొలమానం ప్రకారం 2018 లో చైనాలో లక్షకు 3 కేసులు ఉండగా, శ్వేతజాతీయులు అధిక సంఖ్యలో ఉన్న జనసముదాయాలలో ఇది 0.4 మాత్రమే. ఐరోపా, ఉత్తర అమెరికా, జపాన్, కొరియా, దక్షిణాసియా దేశాలలో సాధారణంగా ఈ రేటు లక్షకు ఒకటి కంటే తక్కువగానే ఉన్నది.

దక్షిణ చైనా: వ్యాధికి కేంద్రస్థానం

చైనా సగటు కూడా వాస్తవ పరిస్థితిని పూర్తిగా తెలియజేయజాలదు. ఆ దేశపు ఉత్తర ప్రాంతాలలో ఈ వ్యాధి తక్కువే. దక్షిణానికి వెళ్ళే కొలదీ రేటు పెరుగుతూ, గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌సీ ప్రాంతాలలోను, హాంకాంగ్‌లోను గరిష్ఠ స్థాయికి చేరుతున్నది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని సిహుయి, జోంగ్‌షాన్ ప్రాంతాలు అత్యధిక రేట్లకు పేరుపడినవి. ఈ కారణం చేతనే పూర్వం వైద్యులు దీనిని కాంటన్ కంతి అని కూడా వ్యవహరించేవారు.

ఒకే రాష్ట్రంలో నివసించే సముదాయాల మధ్య కూడా వ్యత్యాసం ఉన్నది. కాంటనీస్ భాష మాట్లాడే వారిలో ఈ వ్యాధి హక్కా, చావోజౌ మాండలికాలు మాట్లాడే వారి కంటే దాదాపు రెట్టింపు. పడవలపై జీవనం సాగించే టంకా మత్స్యకారులలో ఇంకా అధికంగా ఉన్నట్లు హాంకాంగ్ పరిశోధకులు గుర్తించారు. ఈ ప్రాంతాలలో వ్యాధి 30 ఏళ్ళ వయసు దాటిన నాటి నుండి పెరుగుతూ, 45 – 60 ఏళ్ళ మధ్య అత్యధికమై, ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది. అంటే కుటుంబానికి ఆధారమై, సంపాదించే వయసులో ఉన్నవారే ఎక్కువగా ఈ వ్యాధి బారిన పడుతున్నారు.

ఆగ్నేయాసియా దేశాలు

చైనా తరువాత కేసుల సంఖ్యలో రెండవ స్థానం ఇండోనేషియాది. 2020 అంచనాల ప్రకారం ఆ దేశంలో సుమారు 20 వేల కొత్త కేసులు వచ్చాయి. వియత్నాం, మలేషియా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్, సింగపూర్, బ్రూనై దేశాలలో కూడా ఈ వ్యాధి ప్రపంచ సగటు కంటే అధికం.

మలేషియాలోని సరవాక్ రాష్ట్రంలో నివసించే బిదాయు అనే ఆదివాసీ తెగ పురుషులలో ఈ వ్యాధి ఆ రాష్ట్ర సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ ఉన్నట్లు 1990 దశకపు రిజిస్ట్రీ వివరాలు వెల్లడించాయి. వీరు చైనా సంతతి వారు కారు. కనుక ఇది కేవలం చైనీయుల వ్యాధి అనే అభిప్రాయం సరియైనది కాదని తెలుస్తున్నది.

సింగపూర్ ఉదాహరణ మరింత ఆసక్తికరమైనది. ఒకే నగరంలో, ఒకే వాతావరణంలో, ఒకే ఆరోగ్య వ్యవస్థ కింద చైనీయులు, మలయీలు, భారతీయులు నివసిస్తున్నారు. అయినను చైనీయులలో ఈ వ్యాధి అధికం, మలయీలలో మధ్యస్థం, భారతీయులలో అత్యల్పం. తెలుగు కుటుంబాలతో సహా అక్కడ తరతరాలుగా స్థిరపడిన భారతీయ సంతతి వారు ఈ మూడవ వర్గంలోనికే వస్తారు. గాలి, నీరు ఒక్కటే అయినా వ్యాధి ఒకే తీరున లేదంటే వంశపారంపర్యం, ఆహారపు అలవాట్లు ప్రధాన పాత్ర వహిస్తున్నట్లు భావించవలసి ఉంటుంది.

ఉత్తర ధ్రువం, ఉత్తర ఆఫ్రికా

అలాస్కా, కెనడా, గ్రీన్‌ల్యాండ్ ప్రాంతాలలోని ఇన్యూట్ తదితర మూలవాసులలో కూడా ఈ వ్యాధి చుట్టుపక్కల శ్వేతజాతీయులలో కంటే ఎన్నో రెట్లు అధికంగా ఉన్నది. దక్షిణ చైనాకు, మంచు ప్రాంతాలకు వాతావరణంలో ఏ పోలికా లేదు. అయితే చేపలను, మాంసాన్ని నిలవచేసుకొని తినే ఆచారం రెండు చోట్లా ఉన్నది.

ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా, అల్జీరియా, మొరాకో దేశాలలో ఈ వ్యాధి మధ్యస్థ స్థాయిలో ఉన్నది. ఇక్కడి ప్రత్యేకత వయసుకు సంబంధించినది. పెద్ద వయసు వారితో పాటు 10 నుండి 25 ఏళ్ళ లోపు పిల్లలు, యువకులలో కూడా కేసులు గణనీయంగా కనిపిస్తాయి. ఈ దేశాలలో నిలవచేసిన వెన్న, కారపు ముద్దలు, ఎండబెట్టి నూనెలో ఊరవేసిన గొర్రె మాంసం వాడకానికి, వ్యాధికి గల సంబంధాన్ని పరిశోధకులు అధ్యయనం చేశారు.

భారతదేశంలో పరిస్థితి

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981 లో ప్రారంభమైనది. ఈ రిజిస్ట్రీల వివరాల ప్రకారం దేశంలోని అత్యధిక ప్రాంతాలలో ముక్కు వెనుక గొంతు క్యాన్సర్ లక్షకు ఒకటి కంటే తక్కువగా ఉన్నది. దేశంలో 2022 లో అన్ని రకాలు కలిపి సుమారు 14 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు రాగా, అందులో ఈ వ్యాధి వాటా ఒక శాతం లోపే.

ఈశాన్య రాష్ట్రాల పరిస్థితి ఇందుకు భిన్నమైనది. నాగాలాండ్ రాష్ట్రం ఈ వ్యాధి రేటులో దేశంలోనే అగ్రస్థానంలో ఉన్నది. మణిపూర్, మిజోరం, అరుణాచల్ ప్రదేశ్‌లలో కూడా ఇది దేశ సగటు కంటే ఎంతో అధికం. కొండ ప్రాంతాలలో మాంసాన్ని పొయ్యిపై వేలాడదీసి, పొగబెట్టి నిలవచేసుకొనే ఆచారం తరతరాలుగా ఉన్నది. గాలి వెలుతురు చాలని వంటిళ్ళలో కట్టెల పొగ పీల్చడం కూడా ఒక కారణం కావచ్చునని అక్కడి అధ్యయనాలు పేర్కొన్నాయి. అస్సాంలోని గువాహటిలో ఉన్న డాక్టర్ భువనేశ్వర్ బారువా క్యాన్సర్ సంస్థ ఈశాన్య ప్రాంత రోగులకు ప్రధాన చికిత్సా కేంద్రంగా సేవలందిస్తున్నది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ వ్యాధి అరుదు. ఇక్కడ తల, మెడ భాగాలకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే పైచేయి. దానికి పొగాకు, గుట్కా ముఖ్య కారణాలు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో చుట్టను నిప్పు ఉన్న వైపు నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వలన వచ్చే అంగిటి క్యాన్సర్ వైద్య ప్రపంచంలో ప్రసిద్ధమైనది. అది నోటి పైకప్పుకు వచ్చే వ్యాధి. ఇక్కడ చెప్పుకొంటున్న వ్యాధి అంతకంటే లోపల, వెనుకవైపున పుట్టేది. రెండింటి కారణాలు, చికిత్సా విధానాలు వేరు.

అయితే అరుదు అన్న మాట వలన ఒక ప్రమాదం ఉన్నది. ఎప్పుడో ఒకసారి గానీ కనిపించని వ్యాధి వైద్యుని ఆలోచనకు వెంటనే తట్టకపోవచ్చు. నేడు ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులు అనేకులు చదువుల కోసం, ఉద్యోగాల కోసం హైదరాబాదు వంటి నగరాలకు వచ్చి నివసిస్తున్నారు. చెవి దిబ్బడ, మెడలో గడ్డ అంటూ అటువంటి వారు ఆసుపత్రికి వచ్చినప్పుడు వారి స్వస్థలం ఏదో అడిగి తెలుసుకొనుట రోగ నిర్ణయానికి తోడ్పడుతుంది. ప్రపంచ పటంలో వ్యాధి వ్యాప్తిని తెలుసుకొనడం వలన కలిగే ప్రయోజనం ఇటువంటి సందర్భాలలోనే బోధపడుతుంది.

వలసలు నేర్పిన పాఠం

వ్యాధి రక్తంలో వచ్చినదా, అలవాట్ల వలన వచ్చినదా అన్న ప్రశ్నకు వలస వెళ్ళిన వారి చరిత్ర కొంత సమాధానం ఇస్తున్నది. దక్షిణ చైనా నుండి అమెరికాకు వలస వెళ్ళిన వారిలో మొదటి తరానికి వ్యాధి అధికంగానే ఉన్నది. అమెరికాలోనే పుట్టి పెరిగిన వారి సంతానంలో అది తగ్గింది. కానీ అక్కడి శ్వేతజాతీయుల స్థాయికి మాత్రం దిగలేదు. తగ్గిన భాగం జీవన విధానానిదని, మిగిలిన భాగం వంశపారంపర్యానిదని నిపుణులు దీనిని వ్యాఖ్యానిస్తున్నారు.

కారణాలు

వైరస్ పాత్ర: 1964 లో ఆంథొనీ ఎప్‌స్టీన్, బెర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ అనే శాస్త్రవేత్తలు ఆఫ్రికా పిల్లలకు వచ్చే బర్కిట్ లింఫోమా అనే కంతి కణాలలో ఒక కొత్త వైరస్‌ను కనుగొన్నారు. దానికి ఎప్‌స్టీన్ – బార్ వైరస్ అని పేరు వచ్చింది. ముక్కు వెనుక గొంతు క్యాన్సర్ రోగుల రక్తంలో ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు ఉన్నట్లు 1966 లో తేలింది. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్ బృందం 1970 లో కంతి కణాలలోనే ఈ వైరస్ డి.ఎన్.ఎ. ను గుర్తించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన మరొక వైరస్‌పై చేసిన కృషికి ఆయనకు 2008 లో నోబెల్ బహుమతి లభించింది. 1997 లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఎప్‌స్టీన్ – బార్ వైరస్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

అయితే ఈ వైరస్ ప్రపంచంలోని వయోజనులలో 90 శాతానికి పైగా వ్యక్తుల శరీరంలో ఉన్నది. ఎక్కువ మందికి ఇది బాల్యంలో లాలాజలం ద్వారా సంక్రమించి, ఏ హానీ చేయకుండా జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది. వైరస్ అంతటా ఉండి, వ్యాధి కొన్ని చోట్లనే ఉండడాన్ని బట్టి వైరస్ ఒక్కటే కారణం కాదని, దానికి ఇతర అంశాలు తోడైనప్పుడే వ్యాధి జనిస్తున్నదని స్పష్టమవుతున్నది.

ఆహారం పాత్ర: దక్షిణ చైనాలో ఉప్పు చేపను అన్నంలో కలిపి, తల్లిపాలు మాన్పించే దశలోని పసిపిల్లలకు తినిపించే ఆచారం ఉండేది. ఈ అలవాటుకు, వ్యాధికి సంబంధం ఉండవచ్చునని హాంకాంగ్‌కు చెందిన వైద్యుడు జాన్ హో 1970 దశకంలో ప్రతిపాదించారు. తరువాతి పరిశోధనలు దీనిని బలపరచాయి. బాల్యంలో ఎంత చిన్న వయసులో ఈ ఆహారం మొదలుపెడితే ముప్పు అంత అధికమని తేలింది. ఆ చేపలలో నైట్రోసమైన్లు అనే హానికర రసాయనాలు ఏర్పడుతున్నట్లు గుర్తించారు. చైనా పద్ధతిలో తయారైన ఉప్పు చేపను 1993 లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు.

వంశపారంపర్యం పాత్ర: తల్లిదండ్రులలో గానీ, తోబుట్టువులలో గానీ ఒకరికి ఈ వ్యాధి వచ్చిన కుటుంబాలలో మిగిలిన వారికి ముప్పు ఇతరుల కంటే పలు రెట్లు అధికం. రోగనిరోధక శక్తిని నియంత్రించే హెచ్.ఎల్.ఎ. జన్యువులకు ఈ వ్యాధితో సంబంధం ఉన్నట్లు పరిశోధనలు నిరూపించాయి. ఈ జన్యువులు ఆరవ క్రోమోజోముపై ఉన్నాయి.

ఇతర కారణాలు: ధూమపానం ముప్పును పెంచుతుంది. పరిశ్రమలలో ఫార్మాల్డిహైడ్ ఆవిరిని దీర్ఘకాలం పీల్చడం వలన ఈ క్యాన్సర్ రాగలదని 2004 లో అంతర్జాతీయ సంస్థ నిర్ధారించింది. కలప కోత మిల్లులలో, వడ్రంగి పనులలో వెలువడే కొయ్యపొడి కూడా హానికరమే.

ఎండు చేపల గురించి అపోహ వలదు

ఈ వివరాలు చదివిన తీరప్రాంత పాఠకులకు మన ఎండు చేపల విషయమై సందేహం కలుగుట సహజం. చైనా పద్ధతిలో కొన్ని రకాల చేపలను ముందుగా కొంత మగ్గనిచ్చి, మెత్తబడిన పిమ్మట ఉప్పులో ఊరవేసి ఎండబెడతారు. హానికరమని నిర్ధారించినది ఆ పద్ధతిలో తయారైన చేపను మాత్రమే. ఇతర ఉప్పు చేపల విషయంలో క్యాన్సర్ కారకమని వర్గీకరించుటకు తగిన ఆధారాలు లేవని అదే సంస్థ పేర్కొన్నది. తీరప్రాంత ఆంధ్ర జిల్లాలలో ఈ వ్యాధి అరుదుగా ఉండడం కూడా గమనించదగినది. అయితే ఉప్పు అధికంగా గల ఏ ఆహారమైనను రక్తపోటు ఉన్నవారికి మంచిది కాదు. పసిపిల్లలకు నిలవ పదార్థాలకు బదులు తాజా ఆహారం పెట్టడం అన్ని విధాలా శ్రేయస్కరం.

తగ్గుముఖం పట్టిన ఉదాహరణ

ఆచారాలు మారితే వ్యాధి తగ్గుతుందనుటకు హాంకాంగ్ మంచి నిదర్శనం. అక్కడ 1980 – 84 మధ్య కాలంలో ప్రతి లక్ష మంది పురుషులలో 28.5, స్త్రీలలో 11.2 కేసులు ఉండేవి. 1995 – 99 నాటికి ఇవి వరుసగా 20.2 కు, 7.8 కు తగ్గాయి. అనగా రెండు దశాబ్దాల వ్యవధిలో సుమారు 30 శాతం తగ్గుదల నమోదైనది. జన్యువులు ఒక తరంలో మారవు. నగర జీవనం, తాజా ఆహారం అందుబాటులోనికి రావడం, పిల్లలకు ఉప్పు చేప పెట్టే అలవాటు సన్నగిల్లడం ఇందుకు ముఖ్య కారణాలుగా భావిస్తున్నారు.

గుర్తించవలసిన లక్షణాలు

ఈ వ్యాధిలో రోగికి ముందుగా తెలియవచ్చే లక్షణం తరచుగా ముక్కుకు సంబంధించినది కాదు. మెడ పైభాగంలో, చెవి కింద నొప్పి లేని గడ్డ కనిపించడం సర్వసాధారణం. వ్యాధి లింఫు గ్రంథులకు పాకడం వలన ఇది ఏర్పడుతుంది. మన దేశంలో మెడ బిళ్ళలు అనగానే క్షయ అని అనుమానించడం పరిపాటి. క్షయ వ్యాధి ప్రబలంగా ఉన్న దేశంలో ఆ అనుమానం సహేతుకమే. కానీ పరీక్ష ద్వారా నిర్ధారించుకోకుండా నెలల తరబడి క్షయ మందులు వాడడం వలన విలువైన కాలం వ్యర్థమవుతుంది. సూది ద్వారా గడ్డలోని కణాలను తీసి పరీక్షించడం ఉత్తమం.

ఈ క్రింది లక్షణాలు రెండు, మూడు వారాలకు మించి తగ్గకుండా ఉన్నట్లయితే చెవి, ముక్కు, గొంతు వైద్య నిపుణులను సంప్రదించాలి.

1. మెడలో నొప్పి లేని గడ్డ.
2. ఒక చెవికి మాత్రమే దిబ్బడ, వినికిడి తగ్గడం, హోరు.
3. ఉదయం కాండ్రించి ఉమ్మినప్పుడు గానీ, ముక్కు చీదినప్పుడు గానీ రక్తపు చారలు.
4. ఒకవైపు ముక్కు దిబ్బడ.
5. తగ్గని తలనొప్పి, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ముఖంలో ఒకవైపు తిమ్మిరి.

పెద్దవారిలో ఒకే చెవిలో నీరు చేరి తగ్గకుండా ఉన్నప్పుడు ముక్కు వెనుక భాగాన్ని తప్పక పరీక్షించాలని వైద్య గ్రంథాలు సూచిస్తున్నాయి. కంతి యూస్టేషియన్ నాళపు ద్వారాన్ని మూసివేయడం వలన చెవిలో నీరు చేరుతుంది. చెవిలో మందు చుక్కలు వేసుకొనడం వలన ఈ నీరు పోదు.

ముందస్తు పరీక్షలు

హాంకాంగ్‌కు చెందిన డెన్నిస్ లో బృందం ఈ క్యాన్సర్ రోగుల రక్తపు ప్లాస్మాలో ఎప్‌స్టీన్ – బార్ వైరస్ డి.ఎన్.ఎ. శకలాలు తిరుగాడుతుంటాయని 1999 లో ప్రకటించింది. కంతి కణాలు నశించునప్పుడు వాటిలోని వైరస్ డి.ఎన్.ఎ. రక్తంలోనికి విడుదల అవుతుంది. ఈ సూత్రం ఆధారంగా ఏ లక్షణమూ లేని 20,174 మంది పురుషులకు రక్త పరీక్ష జరిపి, 2017 లో ఫలితాలు వెల్లడించారు. 40 నుండి 62 ఏళ్ళ వయసు వారిని ఇందుకు ఎంచుకున్నారు. రెండు సార్లు జరిపిన పరీక్షలలోను వైరస్ ఆనవాళ్ళు కనిపించిన 309 మందిని ఎండోస్కోపీ, ఎం.ఆర్.ఐ. పరీక్షలకు పంపగా, 34 మందికి క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. వీరిలో 71 శాతం మంది మొదటి, రెండవ దశలలోనే ఉన్నారు. పరీక్షలు లేని కాలంలో అంత తొలి దశలో బయటపడిన వారు కేవలం 20 శాతం.

ఈ పరీక్ష వ్యాధి అధికంగా ఉన్న ప్రాంతాలకు ఉపయుక్తమైనది. వ్యాధి అరుదుగా ఉన్న చోట వేలాది మందికి పరీక్ష జరిపినా ఒకరు కూడా దొరకకపోవచ్చును, నిష్కారణంగా భయపడేవారు మాత్రం ఎక్కువవుతారు. కనుక మన రాష్ట్రాలలో అందరికీ ఈ పరీక్ష అవసరం లేదు. లక్షణాలను గుర్తెరిగి సకాలంలో వైద్యుని సంప్రదించడమే ఇక్కడ అనుసరణీయమైన మార్గం. ఎప్‌స్టీన్ – బార్ వైరస్‌కు టీకా ప్రయోగ దశలోనే ఉన్నది. ఇంకను ఆమోదం పొందినది ఏదీ లేదు.

చికిత్స

శరీరంలో లోతుగా, ముఖ్యమైన నాడులకు, రక్తనాళాలకు చేరువలో ఉండడం వలన ఈ కంతిని తొలుత శస్త్రచికిత్సతో తొలగించడం సాధారణంగా సాధ్యపడదు. జనసామాన్యం కరెంటు పెట్టడం అని వ్యవహరించే రేడియేషన్ చికిత్సయే దీనికి ప్రధాన చికిత్స. తొలి దశలో రేడియేషన్ ఒక్కటే సరిపోతుంది. ఆ దశలో చికిత్స పొందిన వారిలో 90 శాతం వరకు ఐదేళ్ళు, అంతకు మించి జీవిస్తున్నారు. ముదిరిన దశలలో రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ మందు ఇవ్వడం వలన మెరుగైన ఫలితాలు వస్తాయని 1998 లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం నిరూపించింది. రేడియేషన్‌కు ముందుగా జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ మందులు ఇవ్వడం వలన అదనపు ప్రయోజనం ఉన్నట్లు 2019 లో చైనా పరిశోధకులు వెల్లడించారు. శరీర రోగనిరోధక శక్తిని ప్రేరేపించే టోరిపాలిమాబ్ అనే మందును ముదిరిన వ్యాధికి వాడుటకు 2023 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది.

పూర్వపు రేడియేషన్ పద్ధతులలో లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోవడం, వినికిడి తగ్గడం వంటి ఇబ్బందులు అధికంగా ఉండేవి. కంతి ఆకారాన్ని అనుసరించి కిరణాల తీవ్రతను సవరించే ఐ.ఎం.ఆర్.టి. విధానం వచ్చిన తరువాత ఈ బాధలు చాలావరకు తగ్గాయి. చికిత్సకు ముందు దంత పరీక్ష చేయించుకొనడం, చికిత్స మధ్యలో మానకుండా పూర్తి చేయడం, ఆ తరువాత క్రమం తప్పక పరీక్షలకు హాజరు కావడం రోగులు పాటించవలసిన నియమాలు.

ముగింపు

ప్రపంచ పటంపై ఈ వ్యాధి వ్యాప్తిని పరిశీలిస్తే వైరస్, ఆహారం, వంశం అనే మూడు అంశాలు కలిసిన చోటనే అది ప్రబలుతున్నట్లు తెలుస్తున్నది. వీటిలో వంశాన్ని మార్చుకోలేము, వైరస్‌ను ఇంకను నివారించలేము. ఆహారపు అలవాట్లు, ధూమపానం, పొగ నిండిన వంటిళ్ళు మాత్రం మన చేతిలోని విషయాలు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోరాదని పెద్దలు చెప్పిన మాట ఈ వ్యాధికి అక్షరాలా వర్తిస్తుంది. మెడలో గడ్డను, ఒక చెవి దిబ్బడను, ఉమ్మిలో రక్తపు చారను చిన్న విషయమని ఉపేక్షించకుండా, నిపుణులైన వైద్యులను సంప్రదించినట్లయితే ఈ క్యాన్సర్ నుండి అత్యధికులు బయటపడగలరు. ఈ విషయమై ప్రజలు, ముఖ్యంగా కుటుంబ వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు తగిన అవగాహన పెంపొందించుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.